అందించని మాట

మధురానగర్, హైదరాబాద్
జూన్ 12, 2024

చి. భువనకు బాబాయి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నా ఉద్యోగం తప్ప.

నిన్న ఫిల్మ్ నగర్‌లో ఒక కొత్త సినిమా ఆఫీసుకి వెళ్ళాను. డైరెక్టరు నిహారిక అని ముప్ఫయ్యేళ్ళ పిల్ల, సిద్దిపేట వైపు మనిషి. కో-డైరెక్టరుగా నేను కావాలని తనే కబురు పెట్టింది. టీ తెప్పించి, బిస్కట్లు పెట్టి, మెల్లిగా అసలు సంగతి చెప్పింది. "సార్, మనది సింక్ సౌండ్ సినిమా. సెట్ల ఏం మాట్లాడితే తెర మీద గదే వినిపిస్తది. డబ్బింగ్ లేదు. ఇగ ప్రాంప్టింగ్ బంద్."

నేను నలభై ఏళ్ళుగా తింటున్నది ప్రాంప్టింగ్ అన్నం. కెమెరా పక్కన నిలబడి ఒక్కో ముక్కా నేను చదివి వినిపిస్తే ఆర్టిస్టు అందుకుని నటిస్తాడు. తరవాత డబ్బింగ్‌లో నా గొంతు మాయమైపోతుంది. ఇన్నేళ్ళూ మాయమవుతూనే బతికాను, ఎప్పుడూ బాధపడలేదు. ఇప్పుడు అసలు నోరే వద్దంటోంది.

అంతటితో ఆగితే బాగుండేది. "ఇందుల సైన్స్ గూడ ఉంది సార్" అని ఒక పేపరు కటింగ్ తీసి చూపించింది. దాని మీద నీ ఫోటో! మాట అందిస్తే జ్ఞాపకం గట్టిపడదని, తడుముకోనిస్తేనే గట్టిపడుతుందని మెదడు శాస్త్రవేత్త డాక్టర్ భువన సెలవిచ్చారట. మా అన్నయ్య కూతురే అని చెప్పుకోవాలో, లేచి వచ్చెయ్యాలో అర్థం కాలేదు. చెప్పుకున్నాననుకో. రెండు బిస్కట్లు ఎక్కువ పెట్టింది.

నా సంగతి అలా ఉంచు. వీరరాఘవయ్యకి ఇందులో పెద్ద వేషం వచ్చింది. ఎప్పుడూ హీరోయిన్ తండ్రిగా వచ్చి రెండు సీన్లలో గుండెపోటుతో పోయే మా వాడే. ముప్ఫయ్యేళ్ళుగా వాడి నోట్లో పడిన ప్రతి మాటా నేను వేసిందే. ఇందులో రిటైరైన బస్సు కండక్టరు. బస్ డిపోలో నిలబడి మూడు పేజీల డైలాగు ఏకబిగిన చెప్పాలి. వాడికి నాలుగు లైన్లు నిలవడం లేదు. "మతిమరుపు జబ్బేమోరా పున్నయ్యా" అని భయపడుతున్నాడు. డిసెంబరులో ఆ సీను. రాకపోతే వేషం ఇంకొకరికి పోతుంది.

రాజేసింది నువ్వు, ఆర్పేదీ నువ్వే. ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో "ఊఁ, ఊఁ" అని తప్పించుకుంటావు. నీ హాస్టల్ రోజుల నుంచీ మనిద్దరి మధ్యా గొడవంటే ఉత్తరమే.

మీ పిన్ని అరుణజ్యోతి గోంగూర పచ్చడి పంపుతోంది. నా కోపానికీ దానికీ సంబంధం లేదని రాయమంది.

మీ బాబాయి,
బసవపున్నయ్య


బెంగళూరు
జులై 1, 2024

బాబాయికి నీ ఎలుకల డాక్టరు నమస్కారాలు.

పచ్చడి అందింది, కోపమూ అందింది. పచ్చడిలోనే ఘాటు ఎక్కువ.

నువ్వే నా మొదటి పరిశోధనాంశం అని ఎప్పుడూ చెప్పలేదు కదూ? ఏడో తరగతిలో మా స్కూలు వార్షికోత్సవం. "చెట్ల ఉపయోగాలు" మీద నా ఉపన్యాసం. రెండో వాక్యం దగ్గరే నేను గుడ్లు తేలేస్తే, నువ్వు తెర పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా అందించావు. చప్పట్లు, ఫస్టు ప్రైజు, స్టీలు గ్లాసు. మర్నాడు టీచరు క్లాసులో మళ్ళీ చెప్పమంది. "సభకు నమస్కారం" తరవాత ఒక్క ముక్క రాలేదు. అందరూ నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, ఆశ్చర్యం వేసింది. నిన్న నా నోటితోనే అన్నానే, అదంతా ఎటు పోయింది?

ఆ ప్రశ్న పట్టుకునే ఇంత దూరం వచ్చాను. విశాఖపట్నంలో నీళ్ళ తొట్టిలో ఎలుకల్ని ఈదించి వాటికి దారి గుర్తుందా అని చూసినా, ఇక్కడికొచ్చి మనుషుల మెదళ్ళని స్కాన్ తీసినా అదే ప్రశ్న. చెవులకి లోపలి వైపు హిప్పోకాంపస్ అని చిన్న భాగం ఉంటుంది, కొత్త సంగతులు జ్ఞాపకాలుగా మారడానికి అదే ముఖ్యం. మనిషి ఒక మాట కోసం తడుముకునేటప్పుడు, దొరికేదాకా, అది చాలా చురుగ్గా పనిచేస్తుంది. అలా వెతికి పట్టుకున్న మాట నిలుస్తుంది. ఎవరో అందించిన మాట చాలామందిలో జారిపోతుంది. నా ఉద్యోగం, నా పేరు, నీకు కోపం తెప్పించిన ఆ పేపరు ఫోటో, అన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి.

వీరరాఘవయ్యగారికి జబ్బేమీ లేదేమో బాబాయ్. అయినా ఒకసారి డాక్టరుకి చూపించండి, భయం తీరుతుంది. ఆయనకి జ్ఞాపకం పోవడం కాదు, నువ్వు రానిచ్చావా?

ఇలా చెయ్యి. ఒక పేరా చదవనివ్వు. కాగితం మూయించు. చెప్పమను. ఆగిపోతే ఆగనివ్వు. ఆయన చెయ్యెత్తి అడిగేదాకా నువ్వు నోరు విప్పకూడదు. రాత్రి హాయిగా నిద్రపొమ్మను, పగలు నేర్చుకున్నది మెదడు నిద్రలోనే సర్దుకుంటుంది. మర్నాడు మళ్ళీ.

ఆయనకి ఇది తేలికే. నీకే కష్టం.

నీ
భువన


మధురానగర్
ఆగస్టు 9, 2024

చి. భువనకు,

వీరరాఘవయ్యని డాక్టరు చూశాడు. మెదడు భేషుగ్గా ఉందట, బీపీ మాత్రం ఉందట. ఆ సంతోషంలో వాడు దారిలోనే మిరపకాయ బజ్జీలు తిన్నాడు.

రోజూ పొద్దున్నే ఫిల్మ్ నగర్‌లో వాళ్ళింటి వరండాలో కూర్చుంటున్నాం. వాడు చదువుతాడు, కాగితం మూస్తాడు, మొదలుపెడతాడు. "అయ్యా డిపో మేనేజరుగారూ, ఈ సంచీ నా భుజానికి…" అని ఆగిపోతాడు. ఆ తరవాతి మాట నా నాలుక చివర ఉంటుంది. అది చెప్పకుండా ఆపుకోవడం ఎంత నరకమో నీకు తెలీదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ పిన్ని ఊరికే అనదు. మొదటి రోజు కుర్చీ చేతులు పట్టుకున్నాను. రెండో రోజు లేచి గేటుదాకా పోయి వచ్చాను. వాడేమో నన్ను అన్నం పెట్టని తల్లిని చూసినట్టు చూస్తాడు.

"నీకు జాలి లేదురా" అన్నాడు నిన్న. నా వృత్తిలో నన్నెవరూ ఆ మాట అనలేదు. మనవాళ్ళలో పెద్దమనిషి మాట కోసం వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చోవడం ఎక్కడి మర్యాదే? ముద్ద నోటిదాకా పెట్టడం అలవాటైన జాతి మనది.

అయినా చెప్పనా, మొదటి పేజీ వాడికి వచ్చేసింది. మధ్యలో ఆపి అడిగినా వస్తోంది. స్నానాల గదిలోంచి వాడి గొంతు వింటుంటే నాకే నవ్వొస్తోంది. డెబ్బై దాటాక వాడికి సొంత మాట వచ్చింది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. జోకులన్నీ ఉన్నాయి. కానీ నువ్వు కొత్తగా చేస్తున్న ఆ పెద్ద పరీక్ష ఊసు లేదు. కిందటేడు వచ్చినప్పుడు అన్నం తింటూ చెప్పావే, నాలుగు ఊళ్ళలో వందలమందితో చేయిస్తున్నానని. "అన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి" అన్న చోట నీ కలం ఒత్తి పడింది. ఇన్నేళ్ళు ఆర్టిస్టుల మొహాలు చూసి ఎవడికి ఎక్కడ మాట ఆగిందో పట్టినవాణ్ణి. నీకు ఎక్కడ ఆగింది?

మీ బాబాయి


బెంగళూరు
సెప్టెంబరు 3, 2024

బాబాయికి,

పట్టేశావు.

ఆ పెద్ద పరీక్ష ఓడిపోయింది. మేలోనే తెలిసింది. నీకు రాయాలని నాలుగుసార్లు కూర్చుని, ఎలుకల మీద జోకులు రాసి లేచాను.

ఎలా జరిగిందో చెబుతాను. అరవై దాటినవాళ్ళని పిలిచి కొత్త మొహాలు, వాటి పేర్లు చూపించాం. తరవాత మొహం చూపించి పేరు అడుగుతాం. ఒక గుంపుకి తడుముకోగానే పేరు అందిస్తాం. రెండో గుంపుని వాళ్ళంతట వాళ్ళు వెతుక్కోనిస్తాం. వారం తరవాత ఎవరికి ఎక్కువ గుర్తున్నాయో చూస్తాం. నా మాట నిజమైతే రెండో గుంపు గెలవాలి. మొదట్లో నేను స్వయంగా చేసిన చిన్న పరీక్షలో బ్రహ్మాండంగా గెలిచింది. ఇప్పుడు నా విద్యార్థులు చేసిన పెద్ద పరీక్షలో రెండు గుంపులూ సమానం. వీసమెత్తు తేడా లేదు.

చిన్న పరీక్షలో కనిపించి పెద్ద పరీక్షలో మాయమైందంటే, మొదటిది కాకతాళీయం అనుకోవాలి. సైన్సులో అదే న్యాయం. దాచడానికి వీల్లేదు, దాచను కూడా. నా మాట తప్పయిందని నేనే రాసి అచ్చు వేయిస్తాను. మార్చిలో కమిటీ వస్తుంది. ఈ ల్యాబ్ ఉంచాలా మూసెయ్యాలా తేలుస్తుంది. మూసేస్తే పాఠాలు చెప్పుకుంటాను, బతకలేకపోను. కానీ బాబాయ్, నా నలభై మూడేళ్ళ బతుకులో ఇరవై ఏళ్ళు ఈ ఒక్క ప్రశ్నకే ఇచ్చాను. అది నన్ను మోసం చేసిందంటే చాలా ఏడుపొస్తోంది. ఇక్కడ ఎవరి ముందూ ఏడవలేదు. నీకు రాస్తూ ఏడుస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే అందుకే.

వీరరాఘవయ్యగారికి మొదటి పేజీ వచ్చిందంటే సంతోషమే. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు. అయినా ఆ పేరా రెండుసార్లు చదువుకున్నాను.

పిన్నికి చెప్పకు.

భువన


మధురానగర్
అక్టోబరు 14, 2024

చి. భువనకు,

పిన్నికి చెప్పాను. చెప్పనని నేనెక్కడా మాటివ్వలేదు. "దానికి వచ్చిన ఓటమి ఎవరిదో కనుక్కోమనండి, ప్రతిదీ తన నెత్తిన వేసుకుంటుంది" అంది. అర్థం నన్నడక్కు. నాకు సైన్సు రాదు కనుక ధైర్యం చెప్పడం కూడా రాదు. వచ్చిందల్లా ఇక్కడ జరిగింది రాయడం.

మొన్న స్టూడియో ఫ్లోర్‌లో రిహార్సల్. బస్ డిపో సెట్టు వేశారు, నిజం బస్సు కూడా తెచ్చి పెట్టారు. వీరరాఘవయ్యకి రెండు పేజీలు కంఠతా వచ్చాయి, మూడోది నడుస్తోంది. నేను నోట్లో యాలక్కాయ వేసుకుని కెమెరా పక్కన నిలబడ్డాను. నా పాత చోటే, కాళ్ళు వాటంతటవే అక్కడికి పోయాయి. వాడు మొదలుపెట్టాడు. మూడో పేజీ కూడా గలగలా చెప్పేశాడు! నేను కిక్కురుమనలేదు. అందరూ చప్పట్లు.

నిహారిక మాత్రం కొట్టలేదు. నా దగ్గరికొచ్చి, "సార్, మీరు జర బయట నిలబడుండ్రి" అంది. నేను వెళ్ళాను. లోపల వీరరాఘవయ్య మూడో పేజీ మొదట్లోనే చతికిలపడ్డాడు.

"ఏందమ్మా, నేను ఒక్క మాటన్నా అన్నానా?" అని అడిగాను, దానితో మాట్లాడి మాట్లాడి నాకూ ఏంది అనే వస్తోంది. "అనలే సార్. కానీ మీ పెదాలు కదిలినయ్. ఆయన ఎదుటి ఆర్టిస్టును చూస్తలేడు, మీ మూతినే చూస్తుండు" అంది. నేను ఒప్పుకోలేదు. మానిటర్ పక్కనున్న కుర్రాడు సెల్‌ఫోన్‌లో తీశాడట, చూపించారు. నిజమే! యాలక్కాయ నములుతున్న ముసలాడు సినిమా మొత్తం తనే చెబుతున్నాడు, శబ్దం లేకుండా. ఒట్టేసి చెబుతున్నాను, నాకే తెలీదు. వాడికీ తెలీదట, నన్ను చూసి చదువుతున్నానని.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. తరవాత నాకు సిగ్గేసింది. నిహారిక మర్నాటి నుంచి నన్ను వాడికి వీపు చూపించి కూర్చోమంది.

ఇంతకీ నువ్వు అన్నం సరిగ్గా తింటున్నావా?

మీ బాబాయి


బెంగళూరు
అక్టోబరు 21, 2024

బాబాయ్!

నీ ఉత్తరం పొద్దున చదివాను. అప్పటి నుంచీ కూర్చోలేదు, నిలబడే రాస్తున్నాను.

పెద్ద పరీక్షకి వీడియోలు ఉన్నాయి. మేం చూసేది ఎప్పుడూ జవాబు చెప్పే పెద్దవాళ్ళనే. అడిగేవాళ్ళని ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. నీ మూతి గురించి చదివాక వీడియో తెరిచి, మా రష్మి మొహం మీదికి పెద్దది చేశాను. రష్మి నా దగ్గర అందరికంటే మంచి పిల్ల. ఎదురుగా ఒక పెద్దాయన పేరు కోసం వెతుక్కుంటున్నాడు. రష్మి నిక్కచ్చిగా ఒక్క మాటా అనకుండా కూర్చుంది. అయినా పైపెదవి, కిందిపెదవి "మ" అని కలిశాయి. ఆయన "మ… మల్లికార్జున్" అన్నాడు.

ఇంకొకటి తెరిచాను. ఇంకొకటి. అందరూ! మైసూరులోనూ, ఇక్కడా, అన్ని చోట్లా. పాపం పెద్దవాళ్ళు తడుముకుంటుంటే ఈ పిల్లలు చూడలేకపోయారు. కొందరు పెదాలు కదిపారు, కొందరు తల ఊపారు. ఎవరికీ తెలీదు. రష్మిని పిలిచి చూపిస్తే నోరు వెళ్ళబెట్టింది, తరవాత ఏడ్చింది. నేను దాన్ని కావలించుకుని నవ్వాను.

అర్థమైందా? మేం సాయం చెయ్యలేదనుకున్న గుంపుకీ సాయం అందింది. అందుకే రెండు గుంపులూ సమానం. చిన్న పరీక్షలో అడిగింది నేను. ఏడో తరగతి నుంచీ నాకు అందించే పెదాలంటే పగ కదా, నేను బండరాయిలా కూర్చుంటాను.

ఇదంతా నా ఆశ మాత్రమే కావచ్చు. నాకు ఇష్టమైన జవాబు కోసం పాత లెక్కలు తిరగరాస్తే దొంగతనమే అవుతుంది. ఓడిన పరీక్షని ఓడినట్టే అచ్చు వేయిస్తాను. కొత్త మనుషులతో మొదటి నుంచి మళ్ళీ చేస్తాను. ఏం చెయ్యబోతున్నామో ముందే లోకానికి ప్రకటించి, అడిగేవాళ్ళని తెర వెనక కూర్చోబెట్టి. కమిటీని ఇంకొక్క ఏడాది అడుగుతాను.

పిన్ని మాట నిజమైంది. ఓటమి ఎవరిదో కనుక్కోమంది. ఆవిడకి నా తరపున ఒక చీర.

భువన


మధురానగర్
డిసెంబరు 20, 2024

చి. భువనకు,

చీర ఏ రంగో పిన్ని అడుగుతోంది. నువ్వు రంగు రాయకపోతే నాకు మనశ్శాంతి లేదు.

నిన్న సీను తీశారు. ఒకే షాట్‌లో తీస్తానంది నిహారిక, మధ్యలో కట్ లేదు. పొద్దున వీరరాఘవయ్య నా చెయ్యి పట్టుకుని "పున్నయ్యా, నువ్వు లేకుండా నావల్ల కాదురా" అన్నాడు. "నేనున్నాగా, బస్సు వెనకాల" అన్నాను. నిజంగానే బస్సు వెనక, టైరు పక్కన స్టూలు వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మూతికి కండువా చుట్టుకున్నాను.

మొదటి పేజీ సాఫీగా వెళ్ళింది. రెండో పేజీలో సంచీ తిరిగిచ్చే చోట "ఈ సంచీలో చిల్లర మీది సార్, కానీ దీని…" అని ఆగాడు.

ఆ తరవాతి మాట "బరువు". నా గుండెలో డప్పులా మోగుతోంది. బరువు, బరువు, బరువు. ఇంత పెద్ద స్టూడియోలో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు. ఇక అయిపోయింది, కట్ అంటుంది అనుకున్నాను. అనలేదు.

అప్పుడు వచ్చింది వాడి గొంతు. "…దీని బరువు నాది." ఆ మాట వాడు కాగితంలోంచి తియ్యలేదు భువనా, ఇంకెక్కణ్ణించో తీశాడు. మూడో పేజీ అంతా ఆ ఊపులోనే పోయింది. ఓకే అని వినిపించగానే లైట్‌మెన్ కూడా పై నుంచి ఈలలు వేశారు. నిహారిక పరిగెత్తుకుంటూ బస్సు వెనక్కి వచ్చి "సార్, ఆయన ఆగిండు సూడుండ్రి, గదే సీను! నేను రాయలే గది!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

వీరరాఘవయ్య వచ్చి నా కండువా విప్పాడు. ఇద్దరం ఏడ్చాం, దాపరికం ఎందుకు. ముప్ఫయ్యేళ్ళు వాడికి మాటలిచ్చాను, వాడెంత మంచి నటుడో నాకు నిన్ననే తెలిసింది.

నీ కొత్త పరీక్ష ఎంతవరకు వచ్చింది? తెరలు కుట్టించావా?

మీ బాబాయి


బెంగళూరు
నవంబరు 6, 2025

బాబాయికి, పిన్నికి,

ఆకుపచ్చ చీర, జరీ అంచు. విడిగా పంపుతున్నాను.

ఈసారి ఉత్తరానికి ఇన్ని నెలలు పట్టింది. లెక్కలు తేలేదాకా నీకు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఫోన్‌లో నువ్వు ఎన్నిసార్లు అడిగినా "ఊఁ" అన్నాను, తిట్టుకున్నావని తెలుసు. నిన్న సాయంత్రం అచ్చుకి ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

గెలిచాం బాబాయ్. తెర వెనక కూర్చుని అడిగితే, వెతుక్కున్న గుంపు అందించిన గుంపుని చిత్తుగా ఓడించింది. మేమే కాదు, నన్ను కిందటేడు పత్రికలో ఉతికి ఆరేసిన ఢిల్లీ ప్రొఫెసర్ సిద్ధార్థగారి ల్యాబ్‌లో కూడా చేయించాను. అక్కడా అదే ఫలితం. "నేను తప్పు పట్టినందుకు సిగ్గుపడను, ఒప్పుకుంటున్నందుకు సంతోషిస్తున్నాను" అని ఆయన రాశారు. మెదడు స్కాన్లలో ఆ వెతుకులాట దీపాల వరసలా వెలుగుతోంది. పాత వీడియోలు చూసి, పెదాలు ఎక్కువ కదిలిన చోట జ్ఞాపకం తక్కువ నిలిచిందని కూడా తేల్చాం. ఆ లెక్క చేసింది రష్మి. వ్యాసంలో తన పేరే ముందు.

కమిటీ ల్యాబ్‌ని ఉంచడమే కాదు, పెంచింది. మతిమరుపు మొదలైనవాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడే తీరు ఎలా ఉంటే వాళ్ళకి మేలు జరుగుతుందో చూడమంది. ఇరవై ఏళ్ళు నేను ఎదురుచూసిన పని అది.

ఇంకో సంగతి చివరికి దాచాను. దేశం మొత్తం మీద ఏడాదికొకరికి ఇచ్చే పెద్ద బహుమానం ఈసారి నాకు. జనవరిలో జూబ్లీహిల్స్‌లోనే సభ. ఉపన్యాసం తెలుగులో ఇస్తానన్నాను. తెర మీద బొమ్మలు వద్దు, చేతిలో కాగితం వద్దు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో, బొమ్మల వెనక దాక్కుని మాట్లాడాను. ఈ సైన్సుకి తెలుగులో మాటలు వెతుక్కుంటుంటే చెమటలు పడుతున్నాయి. ఉపన్యాసం రాసి దీంతో పంపుతున్నాను, తెలుగు సరిదిద్దు. సరిదిద్దాక నువ్వు బట్టీ పట్టేస్తావని తెలుసు.

ముందు వరసలో కూర్చోవాలి. ఆగిపోతే అందించావో, చూడు మరి.

నీ
భువన


మధురానగర్
జనవరి 25, 2026

చి. భువనకు,

నిన్న రాత్రి నువ్వు రైలెక్కాక ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. రోజంతా మనిద్దరి చుట్టూ జనమే, మాట్లాడుకున్నదే లేదు. అందుకే ఉత్తరం. మనకి గొడవకే ఉత్తరం అనుకున్నాం, సంతోషానికీ పనికొస్తుంది.

మీ పిన్ని ఆకుపచ్చ చీరలో వరసంతా ఆక్రమించి కూర్చుంది. పక్కన వీరరాఘవయ్య. సినిమా వచ్చినప్పటి నుంచీ వాణ్ణి జనం కండక్టరుగారూ అని పిలుస్తున్నారు, సభలో కూడా ఇద్దరు ఫోటో తీసుకున్నారు. వెనక వరసలో నిహారిక, "మా సైన్స్ మేడం" అని అందరికీ నిన్ను చూపిస్తోంది. నేను మాత్రం కండువా తెచ్చుకున్నాను. అవసరం పడుతుందని తెలుసు.

నువ్వు మొదలుపెట్టిన తీరు చూసి నేనే నమ్మలేదు. ఎలుకలూ, నీళ్ళ తొట్టీ, రష్మి పెదాలూ, ఓడిన పరీక్షా, అన్నీ వంటింట్లో కూర్చుని చెప్పినట్టు చెప్పావు. ఏడో తరగతి దగ్గర జనం విరగబడి నవ్వారు. మీ నాన్న ఉంటే అని ఒకసారి అనిపించింది. మా అన్నయ్యకి నువ్వు స్టేజీ ఎక్కితే భయం వేసేది, అందుకే కదా నన్ను తెర పక్కకి పంపింది.

చివరి పేరాకి వచ్చావు. "గుర్తు తెచ్చుకునే మనిషికి మనం ఇవ్వవలసింది మాట కాదు…" అని ఆగిపోయావు.

నువ్వు రాసిన కాగితం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. నలభైసార్లు చదివాను. అయినా ఆ క్షణంలో, చెబితే నమ్మవు, నాకూ రాలేదు! ఇంతమంది ఆర్టిస్టులకి అందించిన బసవపున్నయ్యకి ఒక్క మాట తట్టలేదు. సమయమా? ఓపికా? కాదు. నువ్వు స్టేజీ మీద వెతుక్కుంటున్నావు, నేను కింద వెతుక్కుంటున్నాను. మీ పిన్ని నా మోచెయ్యి పొడుస్తోంది, "చెప్పండీ, చెప్పండీ, పిల్ల నిలబడిపోయింది" అని.

అప్పుడు నువ్వు నవ్వావు. "నాకు మాట దొరకడం లేదు. ఆగండి. మీరు ఇప్పుడు చూస్తున్నదే నా ఇరవై ఏళ్ళ పని" అన్నావు. హాలంతా గొల్లుమంది. తరవాత చేత్తో నన్ను చూపించి, "ఆయన మా బాబాయి. ఆయనకి ఆ మాట తెలుసు. చెప్పడు" అన్నావు. అందరూ నా వైపు తిరిగారు. అప్పటికి నాకు తెలీదే తల్లీ!

తలొంచుకుని కండువా మూతికి పెట్టుకున్నాను. జనం నా నిగ్రహం చూసి మురిసిపోయారు. నేను లోపల తవ్వుతున్నాను. ఒక్కసారిగా దొరికింది. నీకంటే ఒక్క ఊపిరి ముందు దొరికింది. గొంతులోకి వచ్చేసింది. ఏడో తరగతిలో తెర పక్కన ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా వచ్చింది. నీ కళ్ళు నా మీదే ఉన్నాయి. తల ఎత్తితే నా పెదాలు కదులుతాయి. ఎత్తలేదు. నా బతుకులో అంత బరువైన పని చెయ్యలేదు.

"వ్యవధి" అన్నావు నువ్వు. "మాట కాదు, వ్యవధి."

ఆ చప్పట్లు నీకు స్టేజీ మీద ఎలా వినిపించాయో కానీ, నాకు కింద కాళ్ళ దాకా తగిలాయి. వీరరాఘవయ్య అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు, తరవాత హాలంతా లేచింది. మీ పిన్ని తను పొడిచిన నా మోచేతినే పట్టుకుని ఏడ్చింది. బయటికి వస్తుంటే ఎవరో పెద్దమనిషి "మీరు ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు. ప్రాంప్టర్నండీ అన్నాను, ఎప్పుడూ చెప్పుకోనంత గట్టిగా.

ఆ స్టీలు గ్లాసు గుర్తుందా, చెట్ల ఉపయోగాలకి ఇచ్చింది? మీ అమ్మ దగ్గర్నుంచి అరువు తెచ్చి ఇప్పటిదాకా అందులోనే కాఫీ తాగుతున్నాను. న్యాయంగా అది నాది, ఆ ప్రైజు గెలిచింది నేను. నిన్నటి బహుమానం మాత్రం పూర్తిగా నీది. అందులో నా మాట ఒక్కటి లేదు. ఇన్నేళ్ళలో నీకు నేనిచ్చిన అన్నిటికంటే మంచిది అదేనేమో.

చాలా గర్వంగా ఉంది భువనా. పొద్దుటి నుంచి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా "వ్యవధి" అని పైకే అంటున్నాను. నా అంతట నేను వెతుక్కున్న మాట కదా, ఇక మర్చిపోయేది లేదు.

మీ బాబాయి,
బసవపున్నయ్య